నేల ఉందా, లేదా? శ్రీహరికోట అడిగిన ప్రశ్న

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేటలో అందరూ మాట్లాడుకున్నది కలెక్టరాఫీసు గురించే. ఇన్నాళ్ళూ పని పడితే నెల్లూరు పోయేవాళ్ళం, ఇకమీదట తిరుపతి పోవాలి. ఆ గొడవలో పడి ఒక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సూళ్లూరుపేటతోపాటు శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. తిరుమల కొండ, శ్రీకాళహస్తి గుడి, రాకెట్లు ఎగిరే దీవి ఇప్పుడు మూడూ ఒకే జిల్లా.

నేను ఈ ప్రాంతంలోనే కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ప్రయోగం రోజున మావాళ్ళ సందడి నాకు బాగా తెలుసు. టైము దగ్గరపడేకొద్దీ మేడలన్నీ నిండిపోతాయి. తూర్పున ముందు వెలుగు లేస్తుంది, చప్పుడు రాదు. "లెక్కపెట్టండ్రా" అనేవాణ్ణి పిల్లలతో. దాదాపు నిమిషం గడిచాక కిటికీ రెక్కలు గడగడలాడేవి. 20 కిలోమీటర్ల దూరం ధ్వని ప్రయాణం చేసి రావడానికి పట్టే సమయం అది. రాకెట్ మబ్బుల్లో కలిసిపోగానే చప్పట్లు, ఆ తర్వాత అందరూ టీ కొట్టు దారి పడతారు. అది లోపల ఏం పెట్టుకుపోయింది అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. 1996లో ఇక్కడినుంచి అలా పోయిన ఒక సాధనం గురించి, అది అడిగిన ప్రశ్న గురించి ఇప్పుడు చెప్పాలనుకుంటున్నాను.

ప్రశ్న చిన్నదే. బ్లాక్‌హోల్ అని మనం పేరు పెట్టుకున్న వస్తువుకు నేల ఉందా, లేదా? న్యూట్రాన్ నక్షత్రానికి నేల ఉంటుంది. పైనుంచి పడిన పదార్థం ఆ నేలకు కొట్టుకుని, కాగి, వెలుగుతుంది. బ్లాక్‌హోల్‌కు నేల ఉండదు. ఈవెంట్ హొరైజన్ అనే హద్దు మాత్రం ఉంటుంది. అక్కడ కొట్టుకోవడానికి ఏమీ లేదు. దాటినది వెనక్కి రాదు, దాని వెలుగూ రాదు. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. దీనికి తోడు మూడో పక్షం ఒకటి ఉంది. ఆ హద్దుకు వెంట్రుకవాసి బయటే ఆగిపోయి, దూరం నుంచి చూసేవాళ్ళకు అచ్చం బ్లాక్‌హోల్‌లా కనిపించే వస్తువులు ఉండవచ్చు గదా అని కొందరు సిద్ధాంతకర్తలు అడుగుతారు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ మాట చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. "బ్లాక్‌హోల్ వేషం కట్టిన నక్షత్రాలు" అంటే వాళ్ళు ఠక్కున అందుకునేవాళ్ళు.

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. 1783లో ఇంగ్లండులో జాన్ మిచెల్ అనే మతగురువు, వెలుగు కూడా తప్పించుకోలేనంత బరువైన నక్షత్రాలు ఉండవచ్చని లెక్క కట్టాడు. 1916లో కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు తొలి పరిష్కారం ఇచ్చాడు. సూర్యుణ్ణి 3 కిలోమీటర్ల వ్యాసార్ధంలోకి నొక్కగలిగితే ఆ హద్దు ఏర్పడుతుందని ఆ లెక్క చెబుతుంది. 1930లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించిన చంద్రశేఖర్, ఇంగ్లండు పోయే ఓడలో కూర్చుని, చల్లారిన నక్షత్రం మోయగల బరువుకు ఒక పరిమితి ఉందని తేల్చాడు. ఆ పరిమితి దాటితే ఏమవుతుందన్నది 1935లో పెద్ద రచ్చ అయింది. నక్షత్రం అలా అంతులేకుండా కుంగిపోవడాన్ని ప్రకృతి ఏదో ఒక రకంగా అడ్డుకుంటుందని ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ పట్టుబట్టాడు. ఎడింగ్టన్ ఓడిపోయాడని పుస్తకాలు రాస్తాయి. ఆ వాదనలో అతను ఓడిన మాట నిజమే. కానీ అతని అసహనం చావలేదు. వేషధారి వస్తువుల సిద్ధాంతాలన్నీ ఆ అసహనానికి వారసులే.

శ్రీకాళహస్తిని ఇక్కడ తలచుకోకుండా ముందుకు పోలేను. గ్రహణం పడితే తిరుమల గుడి తలుపులు మూస్తారు. కాళహస్తి గుడి తెరిచే ఉంటుంది. రాహుకేతు పూజలకు ఆనాడు జనం పోటెత్తుతారు. సూర్యచంద్రుల్ని మింగే రాహువు కంటికి కనబడని గ్రహం, ఛాయాగ్రహం. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు గ్రహణానికి కారణం నీడే అన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు రాహువును కాదనడం తప్పని అతణ్ణి తప్పుపట్టాడు, గణితం మాత్రం నీడ లెక్కలతోనే నడిపాడు. చరిత్రలో నాకు ఇష్టమైన ఘట్టం ఇది. రాహువు మింగాడని నమ్మినా, నీడ పడిందని నమ్మినా పంచాంగంలో గ్రహణం పట్టే వేళ మారదు. ఒకే లెక్కకు రెండు కథలూ సరిపోతాయి. ఏది నిజమో తేలాలంటే వేళ చూస్తే చాలదు, చంద్రుడి మీద పడిన అంచు ఏ ఆకారంలో ఉందో చూడాలి. బ్లాక్‌హోల్ విషయంలోనూ చిక్కు ఇదే. పక్కనున్న నక్షత్రం ఎంత వేగంగా తిరుగుతోందో కొలిస్తే లోపలి వస్తువు బరువు తెలుస్తుంది. ఆ బరువు హద్దు లోపల ఉందా, హద్దుకు కాస్త బయట ఉందా అన్నది ఆ కొలత చెప్పదు. అంచు దాకా పోవాలి.

అంచు దాకా పోవడానికి ఎక్స్ కిరణాలు కావాలి. లోపలికి పడబోయే పదార్థం చివరి కొన్ని వందల కిలోమీటర్లలో లక్షల డిగ్రీల వేడెక్కి ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. మన గాలి పొర వాటిని నేలదాకా రానివ్వదు. మనం బతికి ఉన్నది అందువల్లే, ఖగోళ శాస్త్రజ్ఞులకు తలనొప్పి వచ్చిందీ అందువల్లే. కాబట్టి ఈ శాస్త్రం మొదటినుంచీ రాకెట్లనూ బెలూన్లనూ పట్టుకుని పెరిగింది. సిగ్నస్ ఎక్స్-1 అనే ప్రసిద్ధ బ్లాక్‌హోల్ అభ్యర్థి 1964లో అమెరికాలో ఒక చిన్న రాకెట్ ప్రయోగంలోనే బయటపడింది. మన దేశంలో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు 1960ల చివరినుంచి హైదరాబాదులో బెలూన్లు ఎగరేసి ఎక్స్ కిరణాలను కొలిచారు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ నేలమీదినుంచి ఎగిరిన మన ఆర్యభట ఉపగ్రహంలోనూ ఎక్స్‌రే పరికరం ఉంది. కరెంటు సరఫరా చెడిపోవడంతో కొద్ది రోజులకే ప్రయోగాలు ఆగిపోయాయి.

ఆ సమయానికి శ్రీహరికోట సిద్ధమవుతూ ఉంది. రాకెట్లు రాకముందు ఆ దీవి యానాదుల ఊరు. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు మా పెద్దలు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్ సరస్సు. దీవిలో నరికిన కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసుకు పొయ్యిలకు పోయేవి. 1969లో ఈ చోటును రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. తూర్పున అంతా సముద్రం, కాబట్టి రాకెట్ విఫలమైనా జనం మీద పడదు. భూమధ్యరేఖకు దగ్గర, కాబట్టి భూభ్రమణం రాకెట్‌కు అదనపు వేగం ఇస్తుంది. కుటుంబాలను ఖాళీ చేయించి కాలనీలకు తరలించారు. ఈ దీవి చరిత్ర రాసేవాళ్ళు మొదటి పేజీలో యానాదుల పేరు రాయాలి, చాలామంది రాయరు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఇక్కడినుంచి మొదటగా ఎగిరింది.

ఆ తర్వాతి పాతికేళ్ళు తడబాట్లతో సాగాయి. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి అనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఏఎస్ఎల్‌వీ 1987లోనూ, 1988లోనూ విఫలమైంది. 1992 మే 20న మూడోసారి ఎగిరినప్పుడు స్రాస్-సి అనే చిన్న ఉపగ్రహం గామా కిరణాల విస్ఫోటాలను పట్టే పరికరాన్ని పైకి తీసుకుపోయింది. దూరపు ఆకాశాన్ని చూసే కన్ను మా దీవినుంచి కక్ష్యకు చేరింది అప్పుడే. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్ఎల్‌వీ సముద్రం పాలైంది. 1994 అక్టోబరు 15న రెండోది గెలిచింది. 1996 మార్చి 21న మూడోది, పీఎస్ఎల్‌వీ-డి3, ఐఆర్ఎస్-పి3 ఉపగ్రహంతో లేచింది.

పేపర్లలో ఐఆర్ఎస్-పి3 గురించి పంటలు, అడవులు, సముద్రపు రంగు అని వచ్చింది. అందులో తప్పేమీ లేదు. దాని ప్రధాన కెమెరాలు భూమినే చూసేవి, వాటిలో ఒకటి జర్మనీవాళ్ళది. వాటి పక్కన టాటా ఇన్‌స్టిట్యూట్, ఇస్రో కలిసి చేసిన ఎక్స్‌రే ప్రయోగం ఒకటి సర్దుకుని కూర్చుంది. దాన్ని అందరూ ఐఎక్స్ఏఈ అన్నారు. దాని ముఖ్యభాగం మూడు లోహపు పెట్టెలు. ఒక్కొక్క పెట్టెలో ఆర్గాన్, మీథేన్ వాయువుల మిశ్రమం, అందులో వరుసలు వరుసలుగా సన్నటి తీగెలు, తీగెల్లో అధిక వోల్టేజి. ఎక్స్ కిరణం ఒకటి లోపలికి దూరి వాయువులోని ఒక అణువును ఢీకొంటే కొన్ని ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. అవి తీగె వైపు దూసుకుపోతూ దారిలో మరిన్ని ఎలక్ట్రాన్లను రాలగొడతాయి. తీగెలో చిన్న విద్యుత్ తుళ్ళింత పుడుతుంది. కిరణానికి ఎంత శక్తి ఉంటే తుళ్ళింత అంత పెద్దది. ఎప్పుడు వచ్చింది, ఎంత శక్తితో వచ్చింది, ఈ రెండూ రాసుకోవడమే ఆ పెట్టె పని. బొమ్మలు తీయదు.

ఇబ్బందులు చాలా ఉండేవి. పెట్టెలు నక్షత్రం వైపు చూడాలంటే భూమిని చూస్తున్న ఉపగ్రహాన్నే తిప్పాలి. కాబట్టి పంటల ఫొటోల పని ఆగినప్పుడే దీని వంతు. పైగా అది ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్య. ధ్రువాల దగ్గరా, దక్షిణ అట్లాంటిక్ మీదా రేణువుల రొద ఎక్కువ, అక్కడ కొలిచింది పనికిరాదు. రోజు మొత్తంలో కొన్ని చుట్లే మిగిలేవి. ఆ కాస్త సమయంలోనే వాళ్ళు జీఆర్ఎస్ 1915+105 అనే వస్తువును పట్టుకున్నారు.

ఇది గరుడ నక్షత్రమండలంలో ఉంది. 1992లో గ్రనాట్ అనే ఉపగ్రహం దీన్ని కనిపెట్టింది. 1994లో దీన్నుంచి వెలువడే ధారలు వెలుగుకంటే వేగంగా పోతున్నట్టు కనిపించి సంచలనమైంది. అది కోణం వల్ల కలిగే భ్రమ. దీని బరువు 12 సూర్యుల పైమాటేనని తర్వాత తేలింది. తనచుట్టూ తాను తిరగని వస్తువైతే దాని హద్దు వ్యాసార్ధం దాదాపు 36 కిలోమీటర్లు వస్తుంది. తిరుపతి బస్టాండులో బస్సెక్కి శ్రీకాళహస్తిలో దిగితే ఇంచుమించు అంత దూరం. నిజానికి అది చాలా వేగంగా తిరుగుతోంది, కాబట్టి హద్దు ఇంకా చిన్నది.

1997 వేసవిలో ఐఎక్స్ఏఈ దానివైపు చూసినప్పుడు వెలుగు పదుల సెకన్లకొకసారి ఎగసిపడుతూ కనిపించింది. ఆ ఎగసిపాటు ఆకారం కాస్త వింతగా ఉంది. మెల్లగా పెరుగుతుంది, ఆ తర్వాత గబుక్కున పడిపోతుంది. పడిపోయే చివరి క్షణంలో కిరణాల శక్తి అన్నిటికంటే ఎక్కువ. నేల ఉన్న న్యూట్రాన్ నక్షత్రం మీద విస్ఫోటం దీనికి తలకిందులు. అక్కడ పోగుపడిన హైడ్రోజన్, హీలియం ఒక్కసారిగా అంటుకుని సెకనులో పైకి లేస్తుంది, ఆ తర్వాత నేల చల్లారుతూ మెల్లగా దిగుతుంది, దిగేకొద్దీ కిరణాల శక్తి తగ్గుతుంది. ఇక్కడ చల్లారడమనేదే లేదు. వేడి పదార్థం వేడిగానే మాయమవుతోంది.

బిశ్వజిత్ పాల్, పి. సి. అగ్రవాల్, ఎ. ఆర్. రావు తదితరులు 1998లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్ లెటర్స్‌లో ఈ సంగతి రాశారు. పదార్థం ఈవెంట్ హొరైజన్‌లోకి మాయమవుతోందనడానికి ఇది సాక్ష్యం కావచ్చు అని శీర్షికలోనే పెట్టారు. 'కావచ్చు' అని పెట్టినందుకు వాళ్ళమీద నాకు గౌరవం. హద్దు ఉందని పరోక్షంగా చెప్పే పద్ధతులు అప్పటికే ఇంకొన్ని మొదలయ్యాయి. 1997లో రమేశ్ నారాయణ్ బృందం, పదార్థం తక్కువగా పడుతున్న వేళల్లో న్యూట్రాన్ నక్షత్రాలకంటే బ్లాక్‌హోల్ అభ్యర్థులు బాగా మసకగా ఉంటున్నాయని చూపింది. నేల లేకపోతే అలాగే ఉండాలి. నారాయణ్ డిగ్రీ చదివింది మద్రాసులోనే.

అంతా తేలిపోయిందనుకుంటున్న ఆ రోజుల్లోనే వేషధారులు రంగంలోకి వచ్చారు. హాన్స్ బుక్‌డాల్ 1959లోనే ఒక గీత గీశాడు. మామూలు పదార్థంతో చేసిన గోళం ఏదైనా ష్వార్జ్‌షీల్డ్ లెక్క చెప్పే హద్దు వ్యాసార్ధానికి 9/8 రెట్లకంటే చిన్నదిగా నిలబడలేదు. ఆ గీత దాటి నిలబడాలంటే మామూలుకాని సరుకు కావాలి. 2001లో పావెల్ మజూర్, ఎమిల్ మొట్టోలా గ్రావాస్టార్ అనే నమూనా ఇచ్చారు. లోపల విశ్వాన్ని విస్తరింపజేసేదాని లాంటి ప్రతికూల పీడనం, పైన పలచని గుల్ల. లోపలి తోపుడు బయటి కుంగుబాటును ఆపుతుంది. బోసాన్ నక్షత్రం దానికంటే పాతది. డేవిడ్ కౌప్ 1968లో దాన్ని లెక్కించాడు. అందులో గుల్ల కూడా ఉండదు, ఒక క్షేత్రం తన బరువుతో తానే ముద్దగా నిలుస్తుంది. ఫజ్‌బాల్ అనేది టాటా ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టరేట్ చేసి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సమీర్ మాథుర్ ఆలోచన. స్ట్రింగ్ సిద్ధాంతం ప్రకారం హద్దు ఉండాల్సిన చోటే తీగెల చిక్కుముడి మొదలవుతుంది, అసలు లోపల అనేదే లేదు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన అభాస్ మిత్రా, నక్షత్రం కుంగడం ఎప్పటికీ పూర్తికాదు కాబట్టి అసలు బ్లాక్‌హోల్ పుట్టదని వాదించారు. సాపేక్షతా సిద్ధాంత నిపుణుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. పంకజ్ జోషి దశాబ్దాలుగా ఇంకో దారి పట్టారు. కుంగిన పదార్థం కొన్ని పరిస్థితుల్లో హద్దు అనే తెర లేకుండానే మిగలవచ్చన్నది ఆయన మాట.

ఇవన్నీ పిచ్చి ఊహలని కొట్టిపారేసేవాళ్ళను చూశాను. ఈ నమూనాలు ఎందుకు పుట్టాయో చూస్తే అలా అనలేం. బ్లాక్‌హోల్ లోపల సాంద్రత అనంతమవుతుందని సమీకరణం చెబుతుంది, అంటే సమీకరణం అక్కడ చేతులెత్తేసిందని అర్థం. హాకింగ్ 1970లలో చూపినట్టు బ్లాక్‌హోల్ ఆవిరైపోతే దానిలో పడిన సమాచారం ఏమైందన్న ప్రశ్నకు జవాబు లేదు. హద్దు లేకపోతే ఈ రెండు బాధలూ ఉండవు. వేషధారుల్ని తెచ్చినవాళ్ళు తీర్చాలనుకున్నవి నిజమైన చిక్కులే.

2002లో మారెక్ అబ్రమోవిచ్, వ్లోడెక్ క్లూజ్‌నియాక్, జాన్-పియెర్ లసోటా ఒక చిన్న వ్యాసం రాసి ఐఎక్స్ఏఈ తరహా వాదనలన్నిటికీ అడ్డుపుల్ల వేశారు. గ్రావాస్టార్ నేల హద్దుకు అతి దగ్గరగా ఉంటే దాన్నుంచి వచ్చే వెలుగు గురుత్వంలో పడి శక్తి కోల్పోయి మనకు కనబడనంత మసకబారుతుంది. నేల కనిపించలేదు కాబట్టి నేల లేదనడం కుదరదన్నారు. 2006లో ఏవరీ బ్రోడరిక్, నారాయణ్ దీనికి బదులిచ్చారు. పదార్థం కోట్ల ఏళ్ళు పడుతూ ఉంటే నేల కాగి తీరాలి, ఎంత మసకబారినా కొంత వేడి బయటకు రావాలి, పాలపుంత నడుమ ఉన్న వస్తువునుంచి అదీ రావడం లేదు. మన 1998 సాక్ష్యానికి ఇంకో దెబ్బ 2015లో తగిలింది. రాపిడ్ బర్స్టర్ అనే న్యూట్రాన్ నక్షత్రం, నేల ఖాయంగా ఉన్నది, జీఆర్ఎస్ 1915 తరహా ఎగసిపాట్లే చూపించింది. అంటే ఆ ఆకారం వస్తువు చుట్టూ పళ్ళెంలా తిరిగే పదార్థంలోని అలజడి వల్ల వచ్చేది. హద్దు ఉందని అదొక్కటే నిరూపించలేదు. తొలి బృందం 'కావచ్చు' అనడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది.

2015 సెప్టెంబరు ఈ కథలో పెద్ద నెల. 14న అమెరికాలోని లైగో యంత్రాలు 36, 29 సూర్యుల బరువున్న రెండు వస్తువులు కలిసిపోయిన గురుత్వ తరంగాన్ని పట్టాయి. సరిగ్గా 2 వారాలకు, 28న పొద్దున 10 గంటలకు, శ్రీహరికోటనుంచి పీఎస్ఎల్‌వీ-సి30 ఆస్ట్రోశాట్‌ను తీసుకుని లేచింది. ఈసారి పంటల ఉపగ్రహం మూల సర్దుకునే అవస్థ లేదు. పూర్తిగా ఆకాశం కోసమే చేసిన 1,500 కిలోల ఉపగ్రహం, భూమధ్యరేఖకు దగ్గరగా 650 కిలోమీటర్ల ఎత్తున కక్ష్య. దానిలోని పెద్ద ఎక్స్‌రే పెట్టెల వెనక ఉన్నది 1998 వ్యాసం రాసిన ఆ అగ్రవాలే. ఆరోజు మేడ మీద ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. "సార్, లోపలికి పోయి చూసొచ్చినోళ్ళు ఎవురూ లేరు గదా. అది బ్లాక్‌హోలే అని ఎట్ట చెప్తారు?" "మంచి ప్రశ్న అడిగినావు అబ్బయ్యా. ఆ పైకి పోయిన పెట్టె పని అదే" అన్నాను. "అయితే తేలిపోతదా సార్?" అన్నాడు. "కొందరు ఎగిరిపోతారు, కొందరు మిగుల్తారు" అన్నాను.

అలాగే జరిగింది. లైగో తరంగం చివర గంట కొట్టాక వినిపించే కంపనం లాంటిది ఉంటుంది. బ్లాక్‌హోల్ అలా మోగి చల్లబడుతుందని 1970లోనే లెక్క కట్టింది బెంగళూరులో నెహ్రూ ప్లానెటేరియం నడిపిన సి. వి. విశ్వేశ్వర. తన లెక్క నిజమైందని చూసి 2017 జనవరిలో కన్నుమూశారు. కానీ 2016లో విటోర్ కార్డోసో బృందం ఒక మెలిక పెట్టింది. ఆ తొలి మోత హద్దునుంచి రాదు, వెలుగు వృత్తంగా తిరిగే చోటినుంచి వస్తుంది. కాబట్టి వేషధారి కూడా మొదట అలాగే మోగుతుంది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. లోపల నేల ఉంటే తరంగం దాన్ని కొట్టి తిరిగొచ్చి, ఒకదాని వెనక ఒకటి ప్రతిధ్వనులు రావాలి. అదే ఏడాది చివర ఆ ప్రతిధ్వనులు దొరికాయని ఒక బృందం ప్రకటించింది. లైగోవాళ్ళూ ఇతరులూ తర్వాత మళ్ళీ మళ్ళీ వెతికినా నమ్మదగ్గ ఆనవాలు చిక్కలేదు.

2019 ఏప్రిల్ 10న ఎం87 అనే గెలాక్సీ నడుమనున్న వస్తువు నీడ ఫొటో వచ్చింది. 2022 మే 12న మన పాలపుంత నడుమనున్నదాని ఫొటో వచ్చింది. నీడ కనబడింది కాబట్టి బ్లాక్‌హోలే అని టీవీల్లో చెప్పారు. రాజిబుల్ షేక్, ప్రశాంత్ కొచ్చెర్లకోట, రమేశ్ నారాయణ్, పంకజ్ జోషి 2019లోనే ఒక వ్యాసంలో, హద్దు లేని కొన్ని వస్తువులు కూడా అలాంటి నీడే వేయగలవని చూపించారు. కొచ్చెర్లకోట అన్న ఇంటిపేరు ఆ జాబితాలో చూసి నాకు సంతోషం కలిగింది. 2022 ఫొటోతోపాటు వచ్చిన విశ్లేషణ వేడెక్కి వెలిగే నేల ఉన్న నమూనాలను దాదాపు పక్కకు నెట్టేసింది. అన్నిటినీ కాదు.

2024 జనవరి 1న పొద్దున 9:10కి పీఎస్ఎల్‌వీ-సి58 ఎక్స్‌పోశాట్‌ను మోసుకుని లేచింది. ఎక్స్ కిరణాల కంపనం ఏ వైపుకు వాలి ఉందో కొలిచే ఉపగ్రహం అది. అంచు దగ్గరి పదార్థం ఏ ఆకారంలో పేరుకుందో ఆ వాలు చెబుతుంది. దానిలోని పోలిక్స్ అనే పరికరాన్ని తయారుచేసింది బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ. ఆ పనికి నాయకుడు బిశ్వజిత్ పాల్, 1998 వ్యాసంలో మొదటి పేరు ఉన్న ఆయనే. పంటల ఉపగ్రహంలో ఒక మూల దొరికితే చాలనుకున్న రోజులనుంచి అదే దీవి మీదుగా ఇంతదూరం వచ్చారు.

ఇప్పటి స్థితి ఇది. కంటికి ఆనే నేల ఉన్న వేషధారులు దాదాపుగా ఓడిపోయారు. హద్దుకు ఊహకందనంత దగ్గరగా ఆగిన నమూనాలు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాయి. వాటిని కొట్టేయడానికి ఇప్పటి యంత్రాల కొలత చాలదు. నా మట్టుకు నేను, అవి బ్లాక్‌హోల్సే అని నమ్ముతాను. సందేహించినవాళ్ళు లేకపోతే ఆ నమ్మకానికి ఇంత బలం వచ్చేది కాదని కూడా నమ్ముతాను. ఐఎక్స్ఏఈ సాక్ష్యం తీర్పు చెప్పలేకపోయినా, ప్రశ్నను కొలతదాకా తెచ్చింది. శ్రీహరికోట చరిత్రలో ఆ సాధనానికి ఎస్ఎల్‌వీ-3తో సమానమైన చోటు ఇవ్వాలి.

మా జిల్లాలో ఫిజిక్స్ చెబుతున్న అధ్యాపకులకు ఒక విన్నపం. ఆస్ట్రోశాట్ కొలతలు 2018నుంచి అందరికీ తెరిచి ఉన్నాయి. ఇస్రోవాళ్ళ డేటా కేంద్రం వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే రుసుము లేకుండా దించుకోవచ్చు. జీఆర్ఎస్ 1915 కొలతలు కూడా అందులో ఉన్నాయి. ఆ వస్తువు 2018నుంచి మసకబారింది కాబట్టి అంతకుముందువి తీసుకోండి. ఒక కంప్యూటర్, కాస్త పైథాన్ వచ్చిన ఇద్దరు పిల్లలు చాలు. కాలం అడ్డంగా, వెలుగు నిలువుగా పెట్టి ఆ ఎగసిపాట్లను వాళ్ళచేతే గీయించండి. డిగ్రీ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి పని మన జిల్లాలో ఇంకెక్కడా దొరకదు.